బాలల తలనొప్పియు, మెదడు చిత్రమును

జ్వరమునకు సాక్షి కలదు. నుదుట చేయి వైచిన తల్లికి అది తెలియును. చేతికి తెలియనిచో ధర్మామీటరు చెప్పును. వాపునకు కన్ను సాక్షి, దగ్గునకు చెవి సాక్షి. తలనొప్పికి మాత్రము బాధపడువారి నోటిమాట తప్ప వేఱు సాక్షి లేదు. ఇంటి యజమాని తల నొప్పియని చెప్పినచో ఇంటిల్లిపాదియు నమ్ముదురు; కాఫీ వచ్చును, పిల్లల సందడి అణగును. ఆ మాటనే పదేండ్ల బిడ్డ చెప్పినచో మొదట విచారణ జరుగును. "ఇవాళ బడిలో పరీక్షా?" అని తండ్రి యడుగును. "ఎండలో తిరగొద్దంటే విన్నావా?" అని తల్లి గద్దించును. "ఎవరి కళ్లో పడ్డాయి" అని నాయనమ్మ ఉప్పును మిరపకాయలును దిగదుడిచి నిప్పులో వేయును. మఱునాటికి తగ్గినచో మిరపకాయలు గెలిచినట్లు. తగ్గనిచో బిడ్డ నటించుచున్నట్లు తీర్పగును.

న్యాయముగా చెప్పవలెనన్నచో, బిడ్డల తలనొప్పులలో అత్యధికములు వచ్చిన దారినే పోవునవి. నిద్ర చాలకయు, ఆకలివలనను, కన్నులకు అద్దములు కావలసియు, పార్శ్వపు నొప్పివలనను అవి వచ్చుచుండును. వానిని గూర్చి మేమిప్పుడు వ్రాయబూనలేదు. ఎక్కడనో ఒక తలనొప్పి వేఱు జాతికి చెందియుండును. దానిని తక్కినవానినుండి వేఱుపఱచుట యెట్లు, అందుకై నేటి శాస్త్రము నిర్మించిన చిత్రయంత్రములు ఎంతవఱకు తోడ్పడును, ఎక్కడ మనలను మోసపుచ్చును అనునదియే మా విషయము. మేము వైద్యులము గాము, బడిపంతులము. ఇరువది యేండ్లుగా బిడ్డల ముఖములు చూచుచుండుటయే మా వృత్తి. ఆ వృత్తియే మమ్ము ఈ విషయములోనికి ఈడ్చినది.

మూడేండ్ల క్రిందట మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె యుండెను. చిన్ననాటినుండియు ఆమెకు కుడిచెవిలో చీము కారుట కలదు. చెవిలో దూది పెట్టుకొని ఆమె బడికి వచ్చుట మాకందఱకు అలవాటైన సంగతి. ఒక మాసమున జ్వరము తగిలి నాలుగు దినములు రాలేదు. తిరిగి వచ్చిన పిమ్మట తల బల్లపై ఆనించి కూర్చుండసాగినది. ఉదయము లేవగానే వాంతి యగుచున్నదని తోటి పిల్లలు చెప్పిరి. మా తోటి యుపాధ్యాయులలో నొకరు, "లెక్కల పరీక్ష దగ్గరకొస్తే వాంతులు రావడం మామూలే" అని నవ్విరి. ఒకనాడు నల్లబల్లపై వ్రాసినదానిని చదువుమనగా ఆ పిల్ల ఒక కన్ను చేతితో మూసికొని చదివినది. ఏలయని యడిగితిమి. "రెండు కళ్లతో చూస్తే ప్రతి అక్షరం రెండుగా కనిపిస్తోందండీ. ఒకటి మూస్తే సరిగ్గా ఉంటోంది" అనినది. నటించు బిడ్డకు ఇట్టి యుపాయము తోచదు. ఆ సాయంకాలమే ఆమె తండ్రికి కబురు పంపితిమి.

ఆయన కౌలురైతు. మాట విన్న మఱునాడే బిడ్డను సమీపపు పట్టణమునకు తీసికొనిపోయి వైద్యునికి చూపించెను. అచట తలకు సీటీ స్కాను తీసిరి. ఆయన పెద్ద కవరుతో మా యింటికి వచ్చి సంతోషముతో చెప్పిన మాటలు మాకింకను జ్ఞాపకమున్నవి: "ఏమీ లేదంట మాస్టారూ. లోపల రక్తం కారలేదు, కంతి లేదు. డబ్బు పోతే పోయింది, దిగులు తీరింది." తండ్రి దిగులు తీరినది గాని బిడ్డ నొప్పి తీరలేదు. చిత్రములో ఏమియు లేదు గావున తలలోను ఏమియు లేదనియు, తలలో ఏమియు లేనప్పుడు నొప్పి యబద్ధమనియు ఇంటిలోని వారు నిశ్చయించుకొనిరి. అంతవఱకు సగమే నమ్మబడుచున్న బిడ్డ మాట, యంత్రపు సాక్ష్యముతో పూర్తిగా కొట్టివేయబడినది.

మన శాస్త్రకారులు ఈ చిక్కును బాగుగా ఎఱిగినవారు. వస్తువు కనబడకపోవుటచేత అది లేదని తెలిసికొనుటకు వారు అనుపలబ్ధి యని పేరిడిరి. అయితే ఊరక కనబడకపోవుట చాలదనియు, ఉన్నయెడల కనబడితీరవలసిన పరిస్థితిలో కనబడకపోవలెననియు నియమము పెట్టి, దానిని యోగ్యానుపలబ్ధి యనిరి. దీపము వెలుగుచున్న గదిలో కుండ కనబడనిచో కుండ లేదు. చీకటిగదిలో కుండ కనబడనిచో ఏమియు తేలలేదు. ఆ బాలిక తలకు తీసిన మొదటి చిత్రము, మేము వెదకవలసిన వస్తువు విషయమున, మసకవెలుతురు గది వంటిది. ఆ వస్తువేదో ఇప్పుడు చెప్పెదము.

మెదడునకు రక్తమును తెచ్చునవి ధమనులు, తీసికొనిపోవునవి సిరలు. గోదావరి, కృష్ణా మండలముల రైతులకు ఈ భేదమును వేఱుగా బోధింపనక్కరలేదు. పంటకాలువ వేఱు, మురుగుకాలువ వేఱు. పంటకాలువ ఆగినచో చేను ఎండును. మురుగుకాలువ పూడినచో చేను మునుగును. ధమని మూసికొనుటవలన వచ్చు పక్షవాతమును అందఱును ఎఱుగుదురు. సిర మూసికొనుటవలన వచ్చు మునకను ఎఱిగినవారు తక్కువ. మెదడులోని సిరలన్నియు కపాలము లోపలివైపు గట్టి పొరలో నేర్పడిన కొన్ని పెద్దకాలువలలో కలియును. వానిలో నొకటి నడినెత్తి క్రింద ముందునుండి వెనుకకు సాగును. తల వెనుకభాగమున అది కుడి యెడమలుగా చీలి, చెవుల వెనుకగా వంపు తిరిగి, మెడలోని పెద్దసిరలలోనికి దిగును. సంస్కృతమున కుల్య యనగా కాలువ గావున మేము వీనిని రక్తకుల్యలందుము.

ఇంగ్లీషు వైద్యులు వీనిని సైనస్ లందురు. లాటినులో ఆ మాటకు వంపు, మడత యని యర్థములు. ముక్కుచుట్టునుండు గాలిగదులకును అదే పేరు పెట్టుటచేత మన యిండ్లలో సైనస్ అనగా జలుబే యని స్థిరపడినది. మెదడు సిరలలో రక్తము గడ్డకట్టు ఈ వ్యాధిని సైనస్ థ్రాంబోసిస్ అనుటవలన, ఆ చీటీ చదివిన బంధువులు "సైనస్సే కదా, ఆవిరి పట్టండి" అని సలహా చెప్పుట మేమే విన్నాము. పేరు తెలిసియు వ్యాధి తెలియకపోవుటకు ఇంతకంటె ఉదాహరణము అక్కరలేదు.

రక్తకుల్యలో రక్తము గడ్డకట్టినచో వెనుకనున్న సిరలు నిండి ఉబ్బును. మెదడుచుట్టునుండు తేటనీరు కూడ ఈ కుల్యలలోనికే ఇంకవలసియున్నది గావున, అదియు నిలిచిపోయి కపాలములో ఒత్తిడి పెరుగును. పడుకొన్నప్పుడు ఆ యొత్తిడి మఱింత హెచ్చుటచేత నొప్పి తెల్లవాఱుజామున అధికమగును, వాంతులగును. కన్నును వెలుపలి వైపు త్రిప్పు నాడి నొక్కబడి కన్ను లోపలికి మెల్లగా తిరుగును. ఒకటి రెండుగా కనబడును. కంటి వెనుకనున్న దృష్టినాడి వాచును. ఆ వాపు నిలిచినచో చూపు శాశ్వతముగా పోవును. సిరలు పగిలి రక్తము కారవచ్చును, మూర్ఛలు రావచ్చును. ప్రాణమే పోవచ్చును.

ఇది అరుదైన వ్యాధి. కెనడాదేశపు వైద్యులు 160 మంది బిడ్డల వివరములు క్రోడీకరించి 2001లో న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో ప్రకటించిరి. లక్షమంది బాలలకు ఏటా 0.67 చొప్పున, అనగా పదునైదు లక్షల బాలలలో సుమారు పదిమందికి, ఈ వ్యాధి కనబడినదని వారి లెక్క. ఆ 160 మందిలో నూటికి 43 మంది పురిటిబిడ్డలు. నూటికి 38 మందికి నాడీమండల లోపములు మిగిలినవి. నూటికి 8 మంది మరణించిరి. ఇది శీతలదేశముల వ్యాధియని మనము ధైర్యపడుటకు వీలులేదు. హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థవారు ఇట్టి సిరావ్యాధితో వచ్చిన 428 మంది రోగుల చరిత్రలను పరిశీలించి 2012లో ప్రకటించియున్నారు.

ఈ వ్యాధి తెలియబడిన చరిత్రయే దాని మఱుగునకు సాక్ష్యము. 1825లో రీబ్ అను ఫ్రెంచి వైద్యుడు ఆఱుమాసములు తలనొప్పితోను మూర్ఛలతోను బాధపడి మరణించిన యొక పురుషుని కపాలమును తెఱచి, రక్తకుల్యలో గడ్డను చూచి వర్ణించెను. ఆ పిమ్మట నూఱేండ్లవఱకు ఈ వ్యాధికి నిశ్చయమైన నిర్ణయము శవపరీక్షలోనే జరిగినది. 1895లో రాంట్‌గన్ కనిపెట్టిన ఎక్స్‌కిరణములు ఎముకను చూపినవి గాని మెదడును చూపలేదు. 1927లో పోర్చుగలు వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెడ ధమనిలోనికి మందు నెక్కించి మెదడు రక్తనాళములను చిత్రింప మొదలుపెట్టెను. అది బిడ్డలకు సులభముగా చేయదగిన పని కాదు. గ్రామఫోను రికార్డులకు ప్రసిద్ధిచెందిన ఈఎంఐ సంస్థలో పనిచేయుచున్న గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సీటీ యంత్రముతో 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగి తల చిత్రింపబడెను. కత్తి తగులకుండ జీవించియున్న మెదడు కనబడుట ఆనాటినుండియే. 1973లో పాల్ లాటర్‌బర్ అయస్కాంతశక్తితో చిత్రము తీయు మార్గమును ప్రకటించెను. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని త్వరితమును స్పష్టమును గావించెను. అదియే నేటి ఎమ్మారై. వారిరువురకు 2003లో నోబెలు బహుమానము లభించినది.

ఇంత యంత్రసంపద యుండియు గడ్డ ఎట్లు తప్పించుకొనును? సాధారణమైన సీటీ చిత్రములో క్రొత్తగా కట్టిన గడ్డ కొంచెము తెల్లని చాఱగా కనబడవచ్చును, కనబడకపోవచ్చును. అది కపాలపు ఎముకను అంటియుండుటచేత ఎముక తెలుపులో కలిసిపోవును. నీరు తక్కువై రక్తము చిక్కబడిన బిడ్డలో గడ్డ లేకున్నను కుల్య తెల్లగా తోచును. పురిటిబిడ్డలలో మెదడు పలుచనై, రక్తము చిక్కనై యుండుట స్వభావము గావున ఈ భ్రమ మఱింత ఎక్కువ. సిరలోనికి అయోడిను గల మందు నెక్కించి తీసినచో, మందు గడ్డచుట్టును ప్రవహించి అంచులు తెల్లగను నడుమ నల్లగను ఒక త్రికోణము కనబడును. వైద్యులు దానిని ఖాళీ డెల్టా గుఱుతు అందురు. త్రికోణాకారముగల గ్రీకు అక్షరము డెల్టా. మన గోదావరి భూములకు ఆ పేరు వచ్చినది ఆ యక్షరమునుండియే. అయితే ఈ గుఱుతు సిరలకై మందు నెక్కించి చూచినవారికే కాని, ఊరక తీసినవారికి కనబడదు. అది గూడ ప్రతి రోగిలోను కనబడునది కాదు.

ఎమ్మారైలోను ఇట్టి చిక్కులు కలవు. గడ్డకు వయస్సు కలదు. తొలి దినములలో కొన్ని చిత్రములయందు గడ్డ నల్లగా నుండి, ప్రవహించు రక్తము వలెనే తోచును. వారము గడచిన తరువాత తెల్లబడి తానుగా బయటపడును. అందుచేత సిరలను ప్రత్యేకముగా చూపు పద్ధతి యొకటి యేర్పఱచిరి. దానిని ఎమ్మార్ వీనోగ్రఫీ యందురు. దానిలో నొక విధము రక్తపు కదలికనే ఆధారముగా గొని ప్రవాహమును వెలిగించి చూపును. ప్రవాహము మందగించినచో అక్కడ కాలువయే తెగినట్లు కనబడును. పుట్టుకతోనే ఒకవైపు కుల్య, తఱచుగా ఎడమది, సన్నగా నుండువారు పలువురు కలరు. దానిని చూచి గడ్డయని భ్రమపడవచ్చును. పురిటిబిడ్డ వెల్లకిల పడుకొన్నప్పుడు తల వెనుక మెత్తని ఎముకయే కుల్యను నొక్కి, ప్రవాహము లేనట్లు చూపవచ్చును. కాబట్టి నిపుణులు ఒక్క చిత్రమును నమ్మక, సాధారణ చిత్రములను, వీనోగ్రఫీని, రక్తపు ఇనుమును నల్లగా చూపు మఱియొక విధమును ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చూతురు. పురిటిబిడ్డలకు మాడు ఇంకను మూతపడదు గావున, దాని మీదుగా అల్ట్రాసౌండు పెట్టి నడినెత్తి కుల్యలోని ప్రవాహమును పాన్పు ప్రక్కనే పరీక్షింపవచ్చును. అది మొదటి చూపునకు పనికివచ్చును, తుదినిర్ణయమునకు చాలదు.

వీనినన్నింటిని కలిపి చూడగా తేలునది యిది. యంత్రము తనంతట తాను వెదకదు. ఏ కాలువను చూడవలెనో, ఏ విధమున చూడవలెనో ముందు ఒక మనుష్యుడు నిశ్చయింపవలెను. ఆ నిశ్చయమునకు మూలము సందేహము. ఆ సందేహమునకు మూలము బిడ్డ చెప్పిన మాట. బిడ్డ మాటను ఇంటిలో ఎవరును వినకపోయినచో, అది వైద్యుని చెవికి చేరదు. వైద్యుని చెవికి చేరనిది చిత్రపు చీటీమీదికి ఎక్కదు. చీటీమీద లేని ప్రశ్నకు చిత్రము జవాబు చెప్పదు.

ఆ బాలిక విషయమున జరిగినది సరిగా ఇదియే. తండ్రిని మఱల ఒప్పించి, ఈసారి మేమును తోడుగా జిల్లా కేంద్రమునకు పోయితిమి. అక్కడి కంటి వైద్యురాలు మొదట బిడ్డనే అడిగినది: "ఎప్పుడు ఎక్కువగా ఉంటుందమ్మా నొప్పి? పడుకుంటే తగ్గుతుందా, పెరుగుతుందా?" పెరుగునని పిల్ల చెప్పినది. "పడుకుంటే చెవిలో సముద్రం హోరున్నట్టు ఉంటుందండీ" అని తానై మఱియొక మాట చేర్చినది. అంతవఱకు ఆ మాట ఎవరును అడిగియుండలేదు. పిమ్మట వైద్యురాలు, 1851 నాటికే హెల్మ్‌హోల్ట్‌జ్ లోకమున కందించిన ఆ చిన్న దీపపు పనిముట్టుతో కంటిలోనికి చూచి, రెండు కన్నులలోను దృష్టినాడి వాచినదని కనిపెట్టినది. చీటీమీద చెవి చీము సంగతి, నాడి వాపు సంగతి వ్రాసి, సిరలను చూడవలెనని క్రింద గీత గీచినది.

ఎమ్మారై గది గుమ్మమున మఱియొక ఆటంకము. బిడ్డ మొలత్రాటికి నాయనమ్మ కట్టించిన రాగి తాయెత్తు కలదు. లోహమేదియు లోనికి రాగూడదని అచటి యుద్యోగి చెప్పెను. "పెట్టెలోకి పంపించేప్పుడే తీసెయ్యమంటారేంటి బాబూ? దానికి అక్కడే కదా కాపలా కావాలి" అని ఆ వృద్ధురాలు కన్నీరు పెట్టుకొనెను. ఆమెను మూఢురాలని తిట్టుటకు మాకు నోరు రాలేదు. ఆమె భయము అజ్ఞానము గావచ్చును. ఆమె ప్రేమ అజ్ఞానము కాదు. "అమ్మా, అది పెద్ద అయస్కాంతం. ఇనుము ఉంటే లాగేస్తుంది, వేరే లోహమున్నా బొమ్మ చెడిపోతుంది. తాయెత్తు మీ చేతిలో పెట్టుకుని ఇక్కడే కూర్చోండి" అంటిమి. ఆమె దానిని గుప్పిటిలో పెట్టుకొని గోడకానుకొని కూర్చుండెను. లోపల సుత్తులతో కొట్టినట్లు ధ్వని. అరగంటకు పైగా ఆ బిడ్డ కదలకుండ పడుకొన్నది. ఇంతకంటె చిన్నబిడ్డలు కదలకుండ నుండలేరు గావున మత్తు ఈయవలసివచ్చును. పురిటిబిడ్డలకు పాలిచ్చి గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి చిత్రము తీయుదురు.

కుడిచెవి వెనుకనుండు కుల్యలో ప్రవాహము లేదు. చెవి వెనుక యెముకలోని చీమునకును ఆ కుల్యకును నడుమ పలుచని ఎముకరేకు మాత్రమే యుండును. చీము సెగ తగిలి అక్కడ రక్తము గడ్డకట్టినది. మమ్ము ఎక్కువ కదలించినది తరువాత జరిగిన సంగతి. చిత్రవైద్యుడు మొదటి సీటీ ఫిల్మును కవరునుండి తీసి దీపమునకు ఎదురుగా పట్టి, కుడివైపున ఒక సన్నని తెల్లచాఱను మాకు చూపి, "తెలిసిన తరువాత ఇదిగో, ఇక్కడే ఉంది" అనెను. అదే ఫిల్ము, అదే చాఱ. మొదట చదివినవారిని అడిగిన ప్రశ్న రక్తము కారినదా, కంతి యున్నదా అని మాత్రమే. వారు వానికి సరియైన జవాబే చెప్పిరి.

చీమునకు మందులిచ్చి, చెవి యెముకకు శస్త్రము చేసి, గడ్డ పెరుగకుండ ఇంజక్షనులు, పిమ్మట మాత్రలు ఇచ్చిరి. ఆ మందు గడ్డను కరగించునది కాదనియు, అది పెరుగకుండ ఆపినచో శరీరమే మెల్లగా దానిని కరగించుకొనుననియు వైద్యులు చెప్పిరి. మూడు మాసములకు తీసిన చిత్రములో కాలువ కొంతమేరకు తెఱచుకొన్నది. కన్ను నిలువుగా నిలిచినది, రెండక్షరములు ఒకటైనవి. కుడికంటి చూపు మాత్రము కొంత తగ్గి అట్లే నిలిచిపోయినది. మొదటి చిత్రమునకును రెండవ చిత్రమునకును నడుమ పదునొకండు దినములు గడచినవి.

దీనిని చదివి ప్రతి తలనొప్పికిని చిత్రము తీయింపుడని మేము చెప్పుచున్నట్లు ఎవరును భావింపవలదు. అది మఱియొక మూఢత్వము. సీటీ యంత్రము ఎక్స్‌కిరణములతో పనిచేయును; బాల్యములో తలకు ఆ కిరణములు తగులుటవలన తరువాతి కాలమున రక్తపు క్యాన్సరు, మెదడు కంతులు వచ్చు ప్రమాదము స్వల్పముగానైనను పెరుగునని 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడిన బ్రిటిషు పరిశోధన తెల్పినది. ఎమ్మారైలో ఆ కిరణములు లేవు గాని, చిన్నబిడ్డలకు మత్తు, పేదలకు వ్యయము కలవు. కావున ఎవరికి కావలయునో గుర్తించుటయే వివేకము. నిద్రనుండి మేల్కొల్పు నొప్పి, పడుకొన్న హెచ్చు నొప్పి, ఉదయపు వాంతులు, క్రొత్తగా వచ్చిన మెల్ల, రెండుగా కనబడుట, మూర్ఛ, మత్తుగా పడియుండుట, ఇవి కనబడినచో ఆలస్యము తగదు. చెవిలో చీము, తీవ్రమైన విరేచనములు, మూత్రపిండముల వ్యాధితో ఒడలి వాపు, రక్తపు క్యాన్సరునకు చికిత్స, పుట్టుకతో గుండెజబ్బు ఉన్న బిడ్డలలో ఇవి కనబడినచో మఱింత జాగ్రత్త కావలెను. పురిటిబిడ్డ నొప్పి చెప్పలేదు. మూర్ఛలు, పాలు త్రాగకుండుట, మందముగా పడియుండుటయే దాని భాష.

యంత్రము వఱకు పోనవసరము లేకుండ ఇంటిలోనే చేయదగిన పనులు కొన్ని కలవు. లంఖణము పరమౌషధమను సామెతను పట్టుకొని వాంతులు, విరేచనములతో నున్న బిడ్డకు నీరు మాన్పించు ఇండ్లు ఇంకను కలవు. బాలింతకు దాహమిచ్చుటకు జంకు ఇండ్లును కలవు. నీరు తఱుగగా రక్తము చిక్కబడును, చిక్కబడినది గడ్డకట్టును. ఉప్పు పంచదార కలిపిన నీరు గంటగంటకు పట్టుట ఖర్చులేని వైద్యము. చెవిలో చీమును చిన్నజబ్బుగా నెంచి నూనె చుక్కలతో సరిపెట్టరాదు. ఆడపిల్లలకు అందఱు తిన్న తరువాత మిగిలినది పెట్టు ఆచారమువలన వారి రక్తములో ఇనుము తఱుగుచున్నది. ఆ రక్తహీనత కూడ బిడ్డలలో ఈ వ్యాధికి దారితీయు కారణములలో నొకటిగా గుర్తింపబడినది. ఇంకొక మాట సంకోచము లేకుండ చెప్పవలసియున్నది. వ్రతములకు, పెండ్లిండ్లకు అడ్డు రాకుండ నెలసరిని వెనుకకు నెట్టుటకై ఎదిగిన ఆడపిల్లలచేత వైద్యుని అడుగకయే హార్మోను మాత్రలు మ్రింగించు తల్లులు కలరు. ఈస్ట్రోజెను గల హార్మోను మాత్రలు రక్తము గడ్డకట్టు స్వభావమును పెంచును. అట్టి మాత్ర మ్రింగిన పిల్లకు తలనొప్పి వచ్చినప్పుడు సిగ్గుచేత ఆ సంగతి వైద్యునికి దాచినచో, చీటీమీదికి ఎక్కవలసిన ప్రశ్నను మనమే తుడిచివేసినవారమగుదుము. దైవము పేరిట చేయు శుభకార్యమునకు బిడ్డ ప్రాణమును పణముగా పెట్టనక్కరలేదు.

చదువరులలో తల్లులు, తండ్రులు, మావంటి ఉపాధ్యాయులు కలరు. బిడ్డ తలనొప్పి చెప్పినప్పుడు తీర్పు చెప్పుటకు ముందు నాలుగు ప్రశ్నలడుగుడు: ఎప్పుడు వచ్చును, పడుకొన్న పెరుగునా, కన్నులకు ఏమైన తేడాగా నున్నదా, ఇంకేమి తోచుచున్నది. బిడ్డ చెప్పిన మాటలనే, మీ మాటలుగా మార్చక, వైద్యునికి చెప్పుడు. చిత్రము తీసి ఏమియు లేదని చెప్పినప్పుడు ఇంకొక్క ప్రశ్న వినయముతో నడుగుడు: "ఈ బొమ్మలో సిరలు కూడా కనిపిస్తాయాండీ?" మంచి వైద్యుడు దానికి కోపగింపడు. కనిపించునని ఆయన చెప్పినచో దీపమున్న గదిలో వెదకినట్లే. నిశ్చింతగా ఇంటికి రావచ్చును. కనిపించవని చెప్పినచో, నొప్పి యింకను ఉన్నంతవఱకు, వెదకుట ముగియలేదని తెలిసికొనవలెను.